హిందూకుష్ గంజాయి: పొట్టి మొక్క, పెద్ద పేరు

[తెర మీద: పక్కపక్కనే రెండు గంజాయి మొక్కలు]

ఎడమ వైపున్నది దక్షిణ భారతం మొక్క. మనిషి తల దాటి పెరిగింది, ఆకు రెబ్బలు సన్నగా ఉన్నాయి. కుడి వైపుది గట్టిగా నడుము ఎత్తు కూడా లేదు. గుబురుగా, వెడల్పాటి ముదురు రెబ్బలతో ఉంది. ఇది అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మధ్య హిందూకుష్ కొండలది. ఈ రోజు మార్కెట్లో ‘ఇండికా’ అంటే ఇదే.

1785లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ ఇండికా అన్నది మాత్రం మన దేశం నుంచి వెళ్లిన మొక్కని. అంటే ఎడమ వైపు దానికి చుట్టాన్ని! 1970లలో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ షుల్టెస్ అఫ్గానిస్తాన్‌లో ఈ పొట్టి మొక్కల్ని చూసి ఇండికా కిందే లెక్కేశాడు. అదే నిలబడిపోయింది.

పొట్టిగా ఎందుకుంది? అక్కడ వేసవి చిన్నది, చలి తొందరగా దిగుతుంది. ఆలోపే పని ముగించాలి కాబట్టి పూత సుమారు 8 వారాల్లో అయిపోతుంది. మన వైపు రకాలకి 12 వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

[క్లోజప్: పూత మీద జిగురు]

బాగా దగ్గరగా చూడండి. గుండుసూదుల్లా నిలబడ్డ ఈ నూగు ఉంది కదా, దాని గుండ్రటి తలల్లోనే టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం ఉంటుంది. అఫ్గాన్ రైతులు ఎండిన మొక్కల్ని గుడ్డ మీద దులిపి, రాలిన పొడిని వేడి చేసి, నొక్కి చరస్ చేస్తారు. హిమాచల్‌లో అయితే పచ్చి మొక్కనే అరచేతుల మధ్య నలుపుతారు. జిగురు ఎక్కువున్న మొక్క విత్తనాన్నే తరతరాలుగా దాచుకుంటూ వచ్చారు. నన్నడిగితే, ఈ మొక్కని తయారుచేసింది చలి కంటే ఎక్కువగా ఆ రైతుల చెయ్యే.

1960, 70లలో ఇస్తాంబుల్ నుంచి కాబూల్ మీదుగా ఇండియాకి బస్సుల్లో వచ్చిన హిప్పీలు ఈ విత్తనాలు పట్టుకెళ్లారు. 1979లో సోవియట్ సైన్యం దిగడంతో ఆ దారి మూతపడింది. అప్పటికే విత్తనాలు కాలిఫోర్నియా, నెదర్లాండ్స్ చేరిపోయాయి. గదిలో లైట్ల కింద రహస్యంగా పెంచేవాళ్లకి పొడుగు మొక్కతో ఇబ్బంది, ఇది సరిగ్గా సరిపోయింది. పేరుమోసిన ‘నార్తర్న్ లైట్స్’ రకంలో ఉన్నదీ అఫ్గాన్ రక్తమే.

ఇక ప్రభావం. ‘ఇండికా అయితే నిద్ర, సటైవా అయితే హుషారు’ అని విదేశీ గంజాయి దుకాణాల్లో చెప్పే మాట ఉంది చూశారూ (సటైవా అంటే అక్కడ పొడుగాటి, సన్న రెబ్బల రకం), అది పెద్దగా నిలవదు. 2021లో ‘నేచర్ ప్లాంట్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనలో వందకు పైగా నమూనాల జన్యువులు చూస్తే, ఈ లేబుళ్లకీ వాటికీ సరైన పొంతనే లేదు. తేడా కనిపించింది మిర్సీన్ లాంటి కొన్ని వాసన పదార్థాల్లోనే.

మనిషి మీద పనిచేసేది ముఖ్యంగా టీహెచ్‌సీ మోతాదు. ఒళ్లు బరువెక్కడం, కళ్లు ఎర్రబడటం, నోరు ఎండిపోవడం, ఆకలి, గుండె దడ, టైం సాగదీసినట్టు అనిపించడం. మోతాదు పెరిగితే భయం, అనుమానం. తింటే ఎక్కడానికి గంటా రెండు గంటలు పట్టొచ్చు. ‘ఏమీ కాలేదే’ అని ఇంకో ముక్క నోట్లో వేసుకునేది అప్పుడే, టెన్షన్ మొదలయ్యేదీ అక్కడే. నిద్ర కోసమని రోజూ వాడి మానేస్తే నిద్రే దూరమవుతుంది. టీనేజ్‌లో మొదలుపెట్టి ఎక్కువగా వాడేవాళ్లకి తీవ్రమైన మానసిక జబ్బుల ముప్పు పెరుగుతుంది.

[తెర మీద: ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మ్యాప్]

2021లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. మత్తు పదార్థాల మీద ఉన్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టానికి పొట్టీ పొడుగూ తేడా లేదు, కానబిస్ (గంజాయి శాస్త్రీయ నామం) జాతి మొక్క ఏదైనా ఒకటే. చట్టం చూసేది బరువు. గంజాయి 20 కిలోలు దాటినా, చరస్ ఒక్క కిలో దాటినా, శిక్ష పదేళ్ల నుంచి మొదలు.