నోడ్‌లో ‘ప్రాంప్ట్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని వస్తే ఏం చేయాలి?

నమస్తే అండీ. ముందు స్క్రీన్ మీద ఈ రెండు జావాస్క్రిప్ట్ లైన్లు చూడండి. పాల లెక్క. మొదటి లైన్లో ‘ఎన్ని లీటర్లు?’ అని ప్రాంప్ట్‌తో అడుగుతున్నాం. రెండో లైన్లో దాన్ని 60తో గుణించి కన్సోల్ డాట్ లాగ్‌లో చూపిస్తున్నాం. క్రోమ్ కన్సోల్లో పేస్ట్ చేశాను. చిన్న పెట్టె వచ్చింది, 2 కొట్టాను, 120 వచ్చింది.

ఇదే కోడ్‌ని ఫైల్లో పెట్టి టెర్మినల్లో నోడ్‌తో, అంటే జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే ప్రోగ్రామ్‌తో, రన్ చేస్తాను. పెట్టె లేదు, ప్రశ్న లేదు, గబగబా బోలెడు లైన్లు వచ్చి పడ్డాయి. టెన్షన్ పడకండి, ఇందులో మనకి కావాల్సినవి మూడే. పైన ఫైల్ పేరు పక్కన లైన్ నంబరు, 1. దాని కింద మన కోడ్, తప్పు ఎక్కడుందో చూపించే గుర్తు. ఆ తర్వాత ‘రిఫరెన్స్ ఎర్రర్: ప్రాంప్ట్ ఈజ్ నాట్ డిఫైన్డ్’. ఆ పేరుతో నా దగ్గర ఏమీ లేదు అంటోంది నోడ్.

నేర్చుకునే రోజుల్లో నేను ఇది చూసి స్పెల్లింగ్ తప్పేమో అని నాలుగుసార్లు సరిచూసుకున్నాను. తర్వాత నోడ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మళ్లీ అదే ఎర్రర్. పోదు మరి, పాడైంది ఏదైనా ఉంటే కదా!

అసలు ప్రాంప్ట్ జావాస్క్రిప్ట్‌ది కాదండీ. ఆ భాషకి ఎక్మాస్క్రిప్ట్ అని ఒక స్టాండర్డ్ ఉంది. అర్రే, మ్యాథ్, జేసన్, ప్రామిస్ అందులోవే. ప్రాంప్ట్, అలర్ట్, విండో, డాక్యుమెంట్ మాత్రం బ్రౌజర్ సొంత సామాను. 2009లో రయాన్ డాల్ నోడ్ తయారుచేసినప్పుడు క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌ని నడిపే వీ8 ఇంజిన్‌ని తీసుకున్నాడు గానీ, బ్రౌజర్ మొత్తాన్ని కాదు. అద్దె ఇల్లు మారితే ఓనర్ బిగించిన గీజరు మన వెంట రాదు కదా, అలాగే. తమాషా ఏంటంటే కన్సోల్, సెట్‌టైమౌట్ కూడా ఆ స్టాండర్డ్‌లో లేవు. కొత్త ఇంటి ఓనరూ వాటిని పెట్టించాడు కాబట్టి మనకి తేడా తెలియలేదు.

ఇంకో చిక్కు. ప్రాంప్ట్ అని టైప్ చేస్తుంటే మనం కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఎడిటర్ ఆ పేరు పూర్తి చేసి ఇస్తుంది, ఎర్ర గీత కూడా గీయదు. మామూలు జేఎస్ ఫైల్ బ్రౌజర్లోనే నడుస్తుందేమో అన్నట్టు ఉంటుంది దాని వరస. సజెషన్ వచ్చింది కదా అని నమ్మేయకండి.

ఇక సరిచేద్దాం. ఫైల్ పేరు చివర ఎంజేఎస్ అని మార్చాను. జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే అవెయిట్‌ని ఫంక్షన్ బయట రాయాలంటే ఆ ఫైల్ మాడ్యూల్ అయ్యుండాలి, అందుకు. పైన ‘నోడ్ కోలన్ రీడ్‌లైన్ స్లాష్ ప్రామిసెస్’ నుంచి క్రియేట్ ఇంటర్‌ఫేస్‌ని ఇంపోర్ట్ చేశాను. దానికి ప్రాసెస్ డాట్ ఎస్‌టీడీఇన్, ప్రాసెస్ డాట్ ఎస్‌టీడీఅవుట్ ఇచ్చి, ఆర్‌ఎల్ అని పేరు పెట్టాను. ప్రాంప్ట్ ఉన్నచోట అవెయిట్ ఆర్‌ఎల్ డాట్ క్వశ్చన్. రన్ చేస్తున్నాను. 2. 120 వచ్చేసింది.

కానీ కింద చూడండి, కర్సర్ అలాగే మిణుకుమంటోంది, ప్రోగ్రామ్ ఆగలేదు. ఇంకేమైనా టైప్ చేస్తారేమో అని చూస్తోంది. చివర్లో ఆర్‌ఎల్ డాట్ క్లోజ్ రాయండి. ఇప్పుడు ఆగింది.

పాత బాకీ కూడా అడుగుదాం. 50 అని కొట్టి, 120కి కలిపాను. 12050! రెండు లీటర్ల పాలకి పన్నెండు వేలు. టైప్ చేసినది స్ట్రింగ్‌గా, అంటే సంఖ్యలా కాకుండా అక్షరాల వరసగా వస్తుంది, గుణిస్తే సంఖ్యగా మారిపోతుంది, ప్లస్ పెడితే మాత్రం పక్కన అతుక్కుంటుంది. అవెయిట్‌తో సహా ఆ క్వశ్చన్ చుట్టూ నంబర్ అని పెట్టండి. 170. బ్రౌజర్ ప్రాంప్ట్‌తోనూ ఇదే జరుగుతుంది, ఇది నోడ్ గొడవ కాదు.

నోడ్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎమ్‌లో ప్రాంప్ట్ అనే పేరుతోనే ఒక ప్యాకేజీ ఉంది, కానీ దాన్ని వాడే పద్ధతి వేరు. బ్రౌజర్లోలా ఒక్క లైన్లో కావాలంటే ప్రాంప్ట్-సింక్ చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అలర్ట్ బదులు కన్సోల్ డాట్ లాగ్ చాలు. నెట్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ విషయంలో ‘ఫెచ్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని వస్తే నోడ్ వెర్షన్ చూసుకోండి, 18 నుంచి ఫెచ్ దానితోపాటే వస్తోంది. డాక్యుమెంట్ అంటారా, పేజీయే లేనిచోట బటన్‌ని ఎక్కడ వెతుకుతాం? టెస్టుల కోసమైతే బ్రౌజర్ పేజీని అనుకరించే జేఎస్‌డామ్ ఉంది.

వెబ్‌సైట్లు కట్టే రియాక్ట్ ఫ్రేమ్‌వర్క్ నెక్స్ట్ జేఎస్‌లో ‘విండో ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని వస్తే కథ వేరు. పైన ‘యూజ్ క్లయింట్’ రాశాం కదా అంటారు. రాసినా ఆ కాంపొనెంట్ మొదట సర్వర్ మీద ఒకసారి నడుస్తుంది, అక్కడ విండో ఉండదు. ఇఫ్ విండో అని చెక్ చేస్తే ఆ చెక్కే ఎర్రర్ ఇస్తుంది, టైప్‌ఆఫ్ విండో అనాలి. అంతకన్నా, విండోని ముట్టుకునే లైన్‌ని యూజ్ ఎఫెక్ట్‌లోకి జరపడం మంచిది, అది బ్రౌజర్లో మాత్రమే నడుస్తుంది. ఇదిగో, విండో డాట్ ఇన్నర్‌విడ్త్ లైన్‌ని లోపలికి జరిపాను. సేవ్ చేసి పేజీ రీఫ్రెష్ చేస్తున్నాను. ఎర్రర్ పోయింది, వెడల్పు కనిపిస్తోంది.