బిళ్ళగన్నేరు ఆకు నమలొద్దమ్మా

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర తుమ్మలపెంట. ఇసుక నేల, ఉప్పుగాలి. ఏ పూలమొక్క పెట్టినా మాడిపోతుంది, బిళ్ళగన్నేరు తప్ప. పోయినేడు ఎవరో చెప్పారని మా అమ్మ షుగర్‌కి దాని ఆకులు పరగడుపున నమిలింది. మాత్రలు మానేసింది. మూడు వారాలకు వాంతులు, షుగర్ 380. మాకు ఎంత టెన్షనో! అందుకే బాటనీ లెక్చరర్‌గా చేసి రిటైరైన మా మాస్టార్ని పిలిచాను.

మాస్టారు: అమ్మకిప్పుడెలా ఉంది అబ్బాయ్?

వ్యాఖ్యాత: కోలుకుంది మాస్టారూ. మాత్రలు వేసుకుంటోంది.

మాస్టారు: అది చాలు. ఆ ఆకు విషం. మేక కూడా వాసన చూసి వదిలేస్తుంది.

వ్యాఖ్యాత: మరి దాంతో క్యాన్సర్ మందు చేస్తారంటారే?

మాస్టారు: చేస్తారు. ఆ కథా షుగర్‌తోనే మొదలైంది. పుట్టిల్లు మడగాస్కర్ అయినా, జమైకాలో షుగర్‌కి దీని కషాయం తాగేవాళ్ళు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని ఎలుకల మీద పరీక్షించారు. నోటితో పట్టిస్తే షుగర్ తగ్గలేదు. సారం సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్‌తో చచ్చిపోయాయి. చూస్తే తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నాయి.

వ్యాఖ్యాత: అమ్మో!

మాస్టారు: వాళ్ళకి అక్కడే వెలిగింది. ఆ కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే కదా రక్తక్యాన్సర్! 1958లో ఈ ఆకు నుంచి తీసిన విన్‌బ్లాస్టిన్ అనే మందు గురించి ప్రకటించారు. తర్వాత వచ్చిన విన్‌క్రిస్టిన్‌ని 1963లో అమెరికా అనుమతించింది. రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇప్పటికీ ఇస్తారు. కణం రెండుగా చీలాలంటే లోపల సన్నటి దారాల్లాంటివి కట్టుకోవాలి. ఈ మందు వాటిని కట్టుకోనివ్వదు.

వ్యాఖ్యాత: ఆకులోనూ ఉన్నది అదేగా?

మాస్టారు: ఉన్నది పిసరంత. గ్రాము మందుకు వందల కిలోల ఎండాకు కావాలి. రోగికి ఒకసారికి ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఒకటి రెండు మిల్లీగ్రాములు, అదీ రక్తనాళంలోకే. అంత కొలిచి ఇచ్చినా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకం వస్తుంది. ఇక పచ్చి ఆకులో 70కి పైగా ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసుకునే ఘాటైన రసాయనాలు, కలగలిసి ఉంటాయి. అమ్మ నమిలిన గుప్పెడులో ఏది ఎంతుందో ఎవరు కొలిచారు? షుగర్‌తో అసలే అరికాళ్ళు మొద్దుబారే మనిషికి అది ఇంకా ప్రమాదం.

వ్యాఖ్యాత: మొక్కలన్నీ పీకేస్తానంటోంది మాస్టారూ.

మాస్టారు: పీకొద్దను. పూలు దేవుడికి పెట్టుకోమను. పసిపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూస్తే చాలు.

వ్యాఖ్యాత: మొన్న ఎదురింటి పెద్దమ్మ కూడా ఆకులడిగింది.

మాస్టారు: ఆదివారం వస్తాలే, నేనే మాట్లాడతా. ఆమె మందుల చీటీ తీసి ఉంచమను.