మేస్త్రి ఫోనుకు చేరవలసిన మాట

(హైదరాబాద్‌లో ఇంజనీర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, పని ముగించుకొని సైట్ల నుంచి నేరుగా వచ్చిన ఇంజనీర్లకు, మేస్త్రీలకు నమస్కారం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు కనుక నేను ఒక్క విషయమే గుర్తుచేస్తాను. 1908 మూసీ వరద తరువాత ఆయన ఈ నగరానికి వచ్చి, నది తీరుతెన్నులు పరిశీలించి, తన సూచనలన్నిటినీ నివేదికగా రాసి 1909లో నిజాం ప్రభుత్వానికి ఇచ్చారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆ రాతకోతల ఫలమే. ఆయన పేరు చెప్పుకొని పండుగ చేసుకునే మన సైట్లు మాత్రం ఈనాటికీ నోటిమాట మీదే నడుస్తున్నాయి. సైటులో మెసేజ్‌ల వాడకం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అయితే నాకు ఆ విషయం ఒక మేస్త్రితోనే మొదలవుతుంది.

నార్సింగి వైపు ఒక అపార్ట్‌మెంటు పని జరుగుతున్న రోజులవి. నాలుగో అంతస్తు స్లాబుకు సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోసే అచ్చు పలకల అమరిక, పూర్తయి, కడ్డీలు కడుతున్నారు. ఒక బీములో కింది వరుసకు 3 కడ్డీలకు బదులు 4 వేయాలని డిజైనరు డ్రాయింగు మార్చి ఆఫీసుకు మెయిలు పెట్టారు. ఆఫీసు నుంచి సైట్ ఇంజనీరుకు ఫోను వెళ్లింది, ఆయన నుంచి సూపర్‌వైజరుకు ఇంకొక ఫోను వెళ్లింది, సూపర్‌వైజరు కింద నిలబడి పైనున్న మేస్త్రికి ఒక కేక వేశారు. పక్క బ్లాకులో స్లాబు పడుతోంది, కాంక్రీటును కుదించే వైబ్రేటరు మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. మేస్త్రిది పాలమూరు, ఆయన దగ్గర కడ్డీలు కట్టేవారు ఒడిశా నుంచి, ఝార్ఖండ్ నుంచి వచ్చినవారు. మాట ఎక్కడ జారిపోయిందో గానీ, బీములో మూడు కడ్డీలే పడ్డాయి. కాంక్రీటు వేసిన మర్నాడు ఫోటోలు చూసి డిజైనరు పట్టుకున్నారు.

ఆ బీమును బలపరచడానికి అయిన ఖర్చులో కొంత మేస్త్రి బిల్లులో కోశారు. పక్క బ్లాకు పని చూస్తున్న నేను ఆ సమావేశంలో ఉన్నాను. ‘నాకెవరూ చెప్పలేదు సార్’ అని ఆయన అన్నారు. చెప్పామని ముగ్గురు అన్నారు. ఆ ముగ్గురూ కుర్చీలలో కూర్చొని ఉన్నారు, ఆయన తలపాగా చేతిలో పట్టుకొని గోడ దగ్గర నిలబడి ఉన్నారు. నేను ఆయన పక్షాన మాట్లాడాను, కానీ చెప్పారనడానికీ చెప్పలేదనడానికీ చూపించేందుకు ఒక చీటీ ముక్కయినా లేనిచోట కింద ఉన్నవాడి మాట నిలవదు. మా నిర్మాణ రంగంలో సమాచార లోపం అని మనం మర్యాదగా పిలిచేది చాలాసార్లు ఇదే.

ఆ రోజు అవసరమైన మెసేజ్ ఇంతే: ‘బీమ్ 12: కింద 4 కడ్డీలు, 20 ఎం.ఎం. పాత డ్రాయింగ్ వద్దు’. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. అయినా ఈ మాట అందులో హాయిగా ఇముడుతుంది. డేటా అందని సెల్లారులోనూ ఎస్సెమ్మెస్‌కు మామూలు సిగ్నల్ ఉంటే చాలు. ఫోను ఆగిపోయి ఉంటే ఫోను కంపెనీ మెసేజ్ సెంటర్ కొంతకాలం దాచి ఉంచి, తెరవగానే అందిస్తుంది. మీటల ఫోను వాడే పెద్ద మేస్త్రీలకు కూడా చేరుతుంది. తెలుగు రాని ఫోనుకు తెలుగునే ఇంగ్లీషు లిపిలో రాయవచ్చు. వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. ఉంది, అందులో ఆఫీసువారందరూ ఉన్నారు, కడ్డీ కట్టే మేస్త్రి ఎన్ని గ్రూపులలో ఉన్నారో మీరే చూసుకోండి.

ప్లాంటులోనే కలిపి బండిలో తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు విషయంలో మనకు ఈ అలవాటు కొంత వచ్చింది. లోడైన 2 గంటలలోపు కాంక్రీటు దించాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4926 చెబుతోంది కనుక, ప్లాంటు నుంచి బండి బయలుదేరిన సమయం మెసేజ్‌గా వస్తే గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అది ఇరుక్కున్నా ఏ బండిని వెనక్కి పంపాలో సైటులో వాదన ఉండదు. సరుకు కోసం రాయగలిగినప్పుడు మనిషి కోసం ఎందుకు రాయము? ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబుకు మామూలు సిమెంటయితే కింది గుంజలు 14 రోజులు ఉండాలని ఇంకొక ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. గుంజలు తీయవలసిన ఆ తేదీని లెక్కకట్టి సెంట్రింగ్ మేస్త్రికి పంపినవారు ఈ సభలో ఎందరున్నారో చేతులెత్తండి. సరే, దించండి.

పంపినంత మాత్రాన చదివినట్టు కాదు. జవాబుగా ‘సరే’ అని వస్తే చాలదు, ‘బీమ్ 12, 4 కడ్డీలు’ అని అంకెతో తిరిగి రావాలి. చదవలేనివారికి పక్కవారు చదివి వినిపించాలి, ఆ జవాబు వారి ఫోను నుంచే రావాలి. హిందీ చదివే కూలీలకు హిందీలోనే రాయాలి.

రాసింది రేపు మన మీదకే వస్తుందని కొందరు ఇంజనీర్లు నాతో అంటారు. అయ్యా, నేను రాయమంటున్నది అందుకే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, తగిన ధ్రువపత్రం జతచేస్తే ఫోనులోని మెసేజ్ కూడా సాక్ష్యమవుతుంది. మాట మార్చనివారికి దానివల్ల భయమేమీ లేదు, చెప్పలేదని మొత్తుకున్నా వినేవారు లేని మేస్త్రికి అది కొండంత అండ.

కనుక అధ్యక్షుల వారిని ఒకటి కోరుతున్నాను. మన సంఘ సభ్యులు ఇచ్చే ప్రతి వర్క్ ఆర్డరులో ఈ షరతు చేర్చాలని ఈ రోజే తీర్మానం పెట్టండి: డ్రాయింగు మార్పు మెసేజ్‌గా మేస్త్రి నంబరుకు చేరి, కాంక్రీటు వేయక ముందే జవాబు వచ్చినట్టు చూపలేకపోతే, ఆ మార్పు పేరుతో ఆయన బిల్లులో ఒక్క రూపాయి కూడా కోయరాదు. వెనక వరుసలలో మేస్త్రీలు కూర్చొని ఉన్నారు. మీ ఫోనులో వారి నంబర్లు లేకపోతే భోజనాలకు లేచే ముందు తీసుకోండి. నమస్కారం.