ఎడారి ఊళ్ళో నీళ్ళ వంతు

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు ఒక ఎడారి ఊరి గురించి మాట్లాడతాను. ఊరి పేరు ఫీనిక్స్. అమెరికాలో అరిజోనా రాష్ట్రానికి రాజధాని. చాలా ఏళ్ళుగా నేను ఉంటున్న ఊరు. ఏడాది మొత్తం మీద 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడితే గొప్ప. జూన్, జూలైలో 43, 44 డిగ్రీల ఎండంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి చోట 1950ల్లో పెరిగి, ఇప్పుడు డెబ్బైలు, ఎనభైల్లో ఉన్నవాళ్ళను మీ చిన్నతనం ఎలా ఉండేదని అడగండి. ఎండ గురించి చెప్పరు. ఇసుక గురించి చెప్పరు. నీళ్ళ గురించి చెబుతారు. కాలవలో ఈతలు, పెరట్లోకి వచ్చిన నీళ్ళు, కిటికీలో నీళ్ళు కారే కూలర్. మాట ఎక్కడ మొదలుపెట్టినా నీళ్ళ దగ్గరికే వస్తుంది.

ఊరి చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సాల్ట్ నది పక్కన హోహోకమ్ జనం ఎన్నో వందల ఏళ్ళ కిందటే కాలవలు తవ్వి పంటలు పండించారు. ఆ పాత కాలవల జాడ చూసుకునే 1867లో మళ్ళీ తవ్వకం మొదలైంది. 1903లో రైతులు సంఘంగా ఏర్పడి, తమ భూములనే పూచీ పెట్టి ప్రభుత్వం చేత ఆనకట్ట కట్టించుకున్నారు. 1911లో పూర్తయిన రూజ్‌వెల్ట్ డ్యామ్ అదే. ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ నీటి హక్కు మనిషికి కాదు, భూమికి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ భూములే ఇళ్ళ స్థలాలయ్యాయి. 1949లో మోటరోలా కంపెనీ ఇక్కడ పరిశోధనశాల పెట్టింది. తర్వాత ఇంకా ఫ్యాక్టరీలు వచ్చాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు పొడి గాలి కోసం వచ్చారు. 1950లో ఊరి జనాభా 1,06,818. చుట్టుపక్కల పొలాలను, పేటలను కలుపుకుంటూ పోయి 1960 నాటికి 4,39,170 అయింది. పత్తి చేలు పోయాయి, నారింజ తోటలు చాలావరకు పోయాయి. కానీ పొలం పోయినా దాని నీటి వంతు పోలేదు. భూమితోపాటు అది ఇల్లు కొనుక్కున్నవాళ్ళకు వచ్చింది. అందుకే పాత పేటల్లో ఇప్పటికీ పెరటి చుట్టూ మోకాలి ఎత్తు కూడా లేని మట్టి గట్టు ఉంటుంది, మూలన ఒక తూము ఉంటుంది. మా వీధిలోనూ ఉన్నాయి.

మా పక్కింటి పెద్దావిడ ఆ ఇంట్లోనే పెరిగింది. ఆవిడ చెప్పిన నీళ్ళ రాత్రి గురించి మీకు పూర్తిగా చెప్పాలని ఉంది. మిగతావన్నీ కాస్త కుదించినా సరే.

వేసవిలో సుమారు రెండు వారాలకు ఒక తడి, అంటే పెరట్లోకి కాలవ నీళ్ళు వదలడం. చలికాలంలో నెలకు ఒకటి. వంతు ఏ గంటకు మొదలై ఎన్ని నిమిషాలు ఉంటుందో ముందే చెబుతారు. అది పగలే రావాలని లేదు. అర్ధరాత్రి దాటి రెండింటికి రావచ్చు, తెల్లారుజామున నాలుగింటికి రావచ్చు. పెద్ద కాలవ మీద గేట్లు తిప్పడానికి నీటి సంస్థ మనిషి ఉంటాడు. ఆయన్ని ఇక్కడ సన్‌హేరో అంటారు. మన సాగర్ కాలవల మీద లస్కరు చేసే పనే ఆయనా చేస్తాడు. నీళ్ళు పేటలోకి, ఇళ్ళ వెనక బోదెలోకి వచ్చాక మాత్రం బాధ్యత ఇళ్ళవాళ్ళదే. ఎవరి తూము వాళ్ళే ఎత్తాలి, ఎవరి తూము వాళ్ళే దించాలి. నీ వంతు అయిపోగానే పక్కింటి కిటికీ తట్టి లేపాలి.

వాళ్ళ నాన్న రబ్బరు బూట్లు వేసుకుని, ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో పార పట్టుకుని వెళ్ళేవాడట. పిల్లలు నిద్రలోంచి లేచి రాత్రి బట్టలతోనే ఆయన వెనకాల పరుగు. ఆయన తూము ఎత్తగానే ముందు ఎండుటాకులు, పుల్లలు, నురగ వస్తాయి. తర్వాత గోధుమ రంగు నీళ్ళు. గడ్డిలో నక్కిన కీచురాళ్ళు, సాలీళ్ళు నీటికంటే ముందు గట్టెక్కేస్తాయి. నీళ్ళతోపాటు చిన్న చిన్న చేపలు, అప్పుడప్పుడు నదిరొయ్యలు కొట్టుకొస్తాయి. చీలమండ మునిగేదాకా నీళ్ళు. పగలంతా కాలిన నేల మీదికి అలా నీళ్ళు పాకుతుంటే మట్టి వాసన గుప్పుమనేదని చెబుతుంటే, డెబ్బై దాటిన ఆవిడ గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

ఇందులో ఒక నేర్పు ఉంది. పెరటి చివర నారింజ చెట్టు ఉండేది. నీళ్ళు ఆ చెట్టు దాకా వచ్చాక తూము దించుదామంటే ఆలస్యమైపోతుంది. అప్పటికే లోపలికి వచ్చిన నీళ్ళు ముందుకు పాకుతూనే ఉంటాయి, గట్టు పొర్లుతుంది, పక్కింటివాళ్ళ కారు నిలిపే చోటు బురదవుతుంది. చెట్టుకు ఇంకా నాలుగు బారల దూరం ఉండగానే దించాలి. ఏ రాత్రి ఎంత ముందు దించాలో నేల తీరు బట్టి ఉంటుంది. గడ్డి ఒత్తుగా ఉంటే ఒక లెక్క, నేల నెర్రెలిచ్చి ఉంటే ఇంకో లెక్క. వాళ్ళ నాన్న ఏమీ చెప్పేవాడు కాదట, టార్చి ఆమె చేతికిచ్చి నీటి అంచు మీద వెలుగు వేసి ఉంచమనేవాడట. అలా చూస్తూ చూస్తూ పదేళ్ళకే ఆమెకు లెక్క వచ్చేసింది. "ఇప్పుడు దించు నాన్నా" అని తనే చెప్పేది.

తెల్లారాక పిల్లలు వీధి వీధంతా అక్కడే. జారడం, పొర్లడం, బకెట్లతో చేపలు పట్టి మళ్ళీ బోదెలో వదలడం. పది గంటలకల్లా నీళ్ళు ఇంకిపోయేవి, పిట్టలు వాలేవి. ఆ రోజూ మర్నాడూ పెరట్లోంచి వచ్చే గాలి చల్లగా ఉండేది.

ఇంక కాలవల సంగతి. పెద్ద కాలవల గట్ల మీద కాటన్‌వుడ్ చెట్లు బారులు తీరి ఉండేవి. ఆ నీడలో జనం కూర్చునేవాళ్ళు, పిల్లలు దూకి ఈదేవాళ్ళు. కొంచెం పెద్ద కుర్రాళ్ళయితే గట్టు మీద కారు నడిపిస్తూ, దానికి కట్టిన తాడు పట్టుకుని నీళ్ళ మీద స్కీయింగ్ చేసేవాళ్ళు. ప్రాణానికి ప్రమాదమైన ఆట, నేనయితే మా పిల్లల్ని దరిదాపులకు పోనివ్వను. తర్వాత తర్వాత కాలవలకు కాంక్రీటు వేశారు, చెట్లు కొట్టేశారు. చెట్లు నీళ్ళు తాగేస్తాయని, వేళ్ళు గట్లను పాడుచేస్తాయని. లెక్క ప్రకారం అది సరే. కానీ ఆ గట్ల మీద నడుస్తున్నప్పుడల్లా, కొన్ని చోట్లయినా నీడ ఉంచాల్సింది అనిపిస్తుంది నాకు.

ఈ జ్ఞాపకాలన్నీ అందరివీ కావు. అది చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. నల్లవాళ్ళకు, మెక్సికన్ మూలాలున్నవాళ్ళకు ఇళ్ళు అమ్మకూడదని ఎన్నో పేటల దస్తావేజుల్లోనే రాసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఊరికి దక్షిణాన, రైలు పట్టాల అవతల ఉండాల్సి వచ్చింది. పక్క ఊరు టెంపీలో ఊరుమ్మడి ఈత కొలనులోకి మెక్సికన్ మూలాలున్న పిల్లల్ని 1946 దాకా రానివ్వలేదు. ఇంత ఎండలో, పిల్లల్ని, నీళ్ళలోకి రానివ్వలేదు. ఫీనిక్స్‌లో నల్లజాతి పిల్లలకు వేరే హైస్కూలు ఉండేది. 1953లో జడ్జి ఫ్రెడ్ స్ట్రక్‌మేయర్ ఆ వేరు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. అమెరికా సుప్రీం కోర్టు దేశం మొత్తానికి అదే మాట చెప్పింది ఆ మరుసటి ఏడు. పాత ఫీనిక్స్ అందం గురించి ఎవరైనా చెబుతుంటే, పట్టాల ఏ వైపు పెరిగారో కూడా అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

పిల్లల రోజు కూడా ఎండను బట్టే నడిచేది. పొద్దున పది లోపు బయట ఆటలు, ఆ తర్వాత ఇల్లే. 1954 నుంచి టీవీలో వాలెస్, లాడ్మో అనే ఇద్దరు పిల్లల కోసం కార్యక్రమం చేసేవారు. అందులో ఇచ్చే చిరుతిళ్ళ సంచి కోసం ఊళ్ళో పిల్లలంతా కలలు కనేవాళ్ళు. అది 1989 దాకా సాగింది, తండ్రి చూసిన కార్యక్రమాన్నే కొడుకూ చూశాడు. పొద్దుగూకాక మళ్ళీ బయటికి. ఇక్కడ సూర్యుడు ఎంత తొందరగా అస్తమిస్తే అంత సుఖం. 1967లో దేశంతోపాటు వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరిపారు. దాంతో తొమ్మిదైనా చీకటి పడదు, పిల్లలు పడుకోరు, ఆరుబయట సినిమాలు మొదలుకావు. ఆ ఒక్క ఏడుతోనే జనం విసిగిపోయి, 1968 నుంచి మానేశారు. ఒక్క నవాహో జాతి ప్రాంతం తప్ప, అరిజోనా ఇప్పటికీ గడియారం జరపదు.

ఇంట్లో చల్లదనం కూడా నీళ్ళ పుణ్యమే. ఏసీలు ఇంటింటికీ రాకముందు చాలా ఇళ్ళకు కూలరే దిక్కు. మన కూలరే, అదే సూత్రం. మనం వట్టివేళ్ళ తడికలు, గడ్డి మెత్తలు వాడితే, ఇక్కడ ఆస్పెన్ చెక్క తురుముతో చేసిన మెత్తలు వాడేవాళ్ళు. వేసవి మొదట్లో కూలర్ మొదటిసారి వేసినప్పుడు వచ్చే తడి చెక్క వాసన తలుచుకుంటే చాలు, ఇక్కడి పెద్దవాళ్ళకు స్కూలు సెలవులు గుర్తొస్తాయి. జూన్‌లో గాలి పొడిగా ఉన్నప్పుడు కూలర్ అద్భుతంగా పనిచేసేది. జూలై సగానికి తేమ గాలులు మొదలయ్యాక ఎంత తిప్పినా ఒళ్ళు జిగటే.

అయితే మా పెద్దావిడ చెప్పిన వాటిలో నాకు బాగా పట్టింది వాళ్ళమ్మ కిటికీలు చూసుకునే తీరు. కూలర్ ఒక్కటే, గదులు నాలుగు. మధ్యాహ్నం వంట చేసేటప్పుడు వంటింటి కిటికీ బెత్తెడు తెరిచేది, మిగతావి మూసేది. చల్లగాలి వంటింటి మీదుగా బయటికి పోయేది. సాయంత్రం అది మూసి హాల్లో తెరిచేది. పిల్లలు పడుకునే వేళకు వాళ్ళ గది కిటికీ. రాత్రి మధ్యలో లేచి తన గది వైపు. గాలి ఎటు పోవాలో కిటికీతో చెప్పేది.

ఏసీ వచ్చాక కిటికీలన్నీ మూసేశాం. అది తప్పని నేను అనను. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దానిలో, ఆ ఏడు వేడికి సంబంధించిన కారణాలతో 645 మంది చనిపోయారు. ఆ వేడికి కూలర్ చాలదు, ముసలివాళ్ళున్న ఇంట్లో ఏసీ పాడైతే అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. కానీ మన దగ్గర, రాయలసీమలో, తెలంగాణలో, ఏప్రిల్, మే నెలల పొడి ఎండలకు ఇంకా ఎన్నో ఇళ్ళు కూలర్ మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే ఆ ఒక్క కిటికీ సంగతి మీకు వివరంగా చెప్పి ముగిస్తాను.

చాలామంది ఏసీ అలవాటుతో కూలర్ వేసి తలుపులు, కిటికీలు బిగించేస్తారు. అప్పుడు లోపలికి వచ్చిన తడి గాలికి బయటికి పోయే దారి ఉండదు. గంటలో గదంతా తేమ పట్టి ఉక్కపోస్తుంది, కూలర్ పనిచేయట్లేదని అనుకుంటారు. కూలర్‌ను కిటికీలో బయటి గాలి లాక్కునేలా పెట్టండి. దానికి ఎదురుగా ఉన్న కిటికీ గానీ తలుపు గానీ బెత్తెడు తెరిచి ఉంచండి. తెరిచిన చోట చెయ్యి పెడితే గాలి మెల్లగా బయటికి పోతున్నట్టు తెలియాలి. తెలియకపోతే ఇంకొంచెం తెరవండి. వాన పడిన రోజు, గాలిలో తేమ ఉన్న రోజు పంపు ఆపేసి ఫ్యాన్ మాత్రమే తిప్పండి. కోస్తాలో ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ రోజులు పనికొస్తుంది. వారానికోసారి తొట్టిలో నీళ్ళు పూర్తిగా పారబోసి, తోమి, ఆరబెట్టి మళ్ళీ నింపండి, లేకపోతే డెంగీ దోమలు అక్కడే గుడ్లు పెడతాయి. రాత్రి పడుకునే ముందు హాలు కిటికీ మూసి, పడగ్గది కిటికీ తెరిస్తే సరి, గాలి అటే వస్తుంది.

సెలవు. నమస్కారం.