మీ పోస్టింగ్ ఎక్కడ?

గురువులకు, పీజీలకు, హౌస్ సర్జన్లకు నమస్కారం.

అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో అంటువ్యాధుల విభాగం ఎలా పనిచేస్తుందో, అక్కడ కొత్త డాక్టర్లకు ఏం నేర్పుతారో చెప్పమన్నారు. ఈ వెటరన్స్ ఆస్పత్రులు అక్కడి కేంద్ర ప్రభుత్వానివి. దేశమంతటా 170 దాకా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి లక్షలాది సైనికులు ఇళ్లకు తిరిగొచ్చేసరికి వీటిలో డాక్టర్లు చాల్లేదు. 1946 జనవరిలో ఒక చిన్న ఉత్తర్వుతో ఈ ఆస్పత్రులను మెడికల్ కాలేజీలకు జత చేశారు. సైనికుడికి వైద్యం దొరికింది, విద్యార్థికి చదువు దొరికింది. ఇవాళ అమెరికా డాక్టర్లలో దాదాపు 70 శాతం మంది శిక్షణ కాలంలో ఎప్పుడో ఒకప్పుడు వీటిలో పనిచేసినవాళ్లే. మన కాలేజీల నుంచి రెసిడెన్సీకి వెళ్లినవాళ్లూ అందులో చాలామందే ఉన్నారు.

అక్కడ శిక్షణకు వచ్చినవాళ్ల కోసం జేబులో పట్టే ఒక కార్డు తయారుచేశారు. పేషెంటును ఏమేం అడగాలో అందులో ఉంటుంది. మీరు ఎప్పుడు, ఎక్కడ, ఏ దళంలో పనిచేశారు? అక్కడ మీకు ఏమైనా జబ్బు చేసిందా? నా దృష్టిలో ఆ ఆస్పత్రి నేర్పే అసలు పాఠం ఈ ప్రశ్నే. స్కానింగులు, ఖరీదైన పరీక్షలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ ప్రశ్న మాత్రం ఎవరో ఒకరు కూర్చుని అడగాల్సిందే.

ఎందుకో ఒక కేసుతో చెబుతాను. 70 దాటిన మనిషి. కుర్రవాడిగా ఉన్నప్పుడు వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో చేరాడు, ఆయాసం ఎక్కువగా ఉంది, రేపటి నుంచి స్టెరాయిడ్స్ పెద్ద డోసులో మొదలుపెడదామనుకున్నారు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కాస్త ఎక్కువున్నాయి. మన ఇళ్లలో 'ఇస్నోఫీలియా' అంటే ఏదో ఎలర్జీ దగ్గని ఎంత తేలిగ్గా అనేసుకుంటామో, రెసిడెంటూ అంతే తేలిగ్గా అనుకుంటాడు. అంటువ్యాధుల్లో పై శిక్షణ పొందుతున్న డాక్టరు, అంటే ఫెలో, వచ్చి మంచం పక్కన కూర్చుని అడుగుతాడు: అక్కడ ఏ ప్రాంతంలో ఉన్నారు, బురదలో నడిచారా, కాళ్లకు దురద, దద్దుర్లు వచ్చేవా? అప్పుడు బయటపడుతుంది, వారాల తరబడి తడి నేలలో తిరిగిన సంగతి.

స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు మట్టిలోంచి కాలి చర్మం గుండా ఒంట్లోకి దూరుతుంది. మిగతా నులిపురుగుల్లా కొన్నాళ్లుండి పోయే రకం కాదు. పేగుల్లోనే పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు మళ్లీ అదే మనిషి ఒంట్లోకి దూరుతూ, దశాబ్దాల పాటు బతుకుతుంది. మనిషికి తెలియను కూడా తెలియదు. స్టెరాయిడ్ ఇచ్చిన రోజున దాన్ని అదుపులో ఉంచుతున్న రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. లార్వాలు ఒళ్లంతా పాకుతాయి, పేగుల్లోని బ్యాక్టీరియాను రక్తంలోకి మోసుకెళ్తాయి. ఆ దశకు చేరినవాళ్లలో ఎక్కువమంది బతకరు. ముందే అడిగి ఉంటే? రక్తంలో యాంటీబాడీ పరీక్ష, ఒకటి రెండు రోజులు ఐవర్‌మెక్టిన్ మాత్రలు. అంతే. మలపరీక్ష ఒక్కసారి చేసి ఏమీ లేదని వదిలేయకండి, చాలాసార్లు అందులో దొరకదు.

మెలియాయిడోసిస్‌దీ ఇదే కథ. తడిమట్టిలో, వరిచేలలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో ఏళ్ల తర్వాత బయటపడుతుంటే దీనికి 'వియత్నాం టైమ్ బాంబ్' అని పేరే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో బందీగా ఉన్న ఒక సైనికుడికి 62 ఏళ్ల తర్వాత తిరగబెట్టిందని వైద్య పత్రికల్లో నమోదైంది. ల్యాబ్‌లో ఈ బ్యాక్టీరియాను సూడోమొనాస్ అనే వేరే బ్యాక్టీరియా అనో, శాంపిల్‌లో బయటి నుంచి కలిసిన కంటామినేషన్ అనో కొట్టిపారేసే ప్రమాదం ఎక్కువ. మణిపాల్, వెల్లూరు డాక్టర్లు దీని గురించి ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. మన డెల్టాలోనూ షుగరున్న రైతుకు తగ్గని జ్వరం, లివర్‌లోనో స్ప్లీన్‌లోనో చీముగడ్డలు కనిపిస్తే ల్యాబ్‌కు ఫోన్ చేసి మెలియాయిడోసిస్ అనుమానం ఉందని చెప్పండి.

ఇప్పటిదాకా చెప్పినవి పేషెంటు బయటి నుంచి తెచ్చుకున్న జబ్బులు. ఆస్పత్రే అంటించే జబ్బుల మాటేమిటి? ఈ విషయంలో వెటరన్స్ ఆస్పత్రుల అనుభవం ఇంకా విలువైనదని నా నమ్మకం. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం మహాసభ జరిగిన హోటల్లో అంతుపట్టని న్యుమోనియా వచ్చి 34 మంది చనిపోయారు. కారణమైన బ్యాక్టీరియాకు ఆ సంఘం పేరు మీదే లీజియనెల్లా అని పేరొచ్చింది. కొద్ది కాలానికే లాస్ ఏంజెలెస్‌లోని వాడ్స్‌వర్త్ వెటరన్స్ ఆస్పత్రిలోనూ ఈ న్యుమోనియా కేసులు వచ్చాయి. వెతికితే అది ఆస్పత్రి కుళాయి నీళ్లలోనే ఉందని తేలింది. అందుకే అంటువ్యాధుల డాక్టరు ప్లంబర్‌తోనూ మాట్లాడాలి.

మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎమ్మార్‌ఎస్‌ఏ అనే బ్యాక్టీరియా సంగతి మరీ ముఖ్యం. 2001లో పిట్స్‌బర్గ్ వెటరన్స్ ఆస్పత్రిలో ఒక సర్జరీ వార్డులో పని మొదలైంది. గ్లవ్స్, గౌన్లు చేతికందే చోట పెట్టడం, చేతులు కడుక్కోవడం, చేరిన ప్రతి పేషెంటు ముక్కులోంచి స్వాబ్ తీయడం. 2007 అక్టోబరులో దేశమంతటా ఉన్న వెటరన్స్ ఆస్పత్రుల్లో దీన్ని అమలుచేశారు. 2010 జూన్ నాటికి ఐసీయూల్లో ఈ ఇన్‌ఫెక్షన్ వెయ్యి పేషెంట్-రోజులకు 1.64 నుంచి 0.62కు తగ్గింది. స్వాబ్ వల్లే తగ్గిందా, చేతులు కడగడం వల్లా అని నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మొగ్గు చేతుల వైపే. ఈ పనిలో పీజీ కంటే స్టాఫ్ నర్సు, వార్డు ఆయా పాత్ర పెద్దది. రౌండ్స్‌లో వాళ్ల మాట వినే అలవాటు చదువులో భాగం కావాలి.

లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్ గురించి ఒక్క మాట. 2014 నుంచి కొత్త మాత్రలు అందుబాటులోకి వచ్చాక ఆ ఆస్పత్రులు లక్ష మందికి పైగా మాజీ సైనికులకు చికిత్స చేశాయి. స్పెషలిస్టుల కోసం ఎదురుచూడకుండా ఫార్మసిస్టులకూ శిక్షణ ఇచ్చి బాధ్యత అప్పగించడం వల్లే అంత వేగంగా సాగింది.

మనకూ మాజీ సైనికులున్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో, సరిహద్దుల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లు ఇవాళ మీ ఓపీ క్యూలో నిలబడుతున్నారు. మలేరియా, స్క్రబ్ టైఫస్ లాంటివి ఎప్పుడైనా వచ్చాయా అని వాళ్లను అడిగేవాళ్లు తక్కువ. మాజీ సైనికుల ఆరోగ్య పథకం 2003 నుంచి ఉంది, పాలీక్లినిక్‌లు ఉన్నాయి. ప్రొఫెసర్లను నేను కోరేది ఒకటే. కేస్ షీట్‌లో వృత్తి అన్న గడి కింద ఇంకో లైను అచ్చు వేయించండి: ఏ ఏ ఊళ్లలో, ఏ సంవత్సరాల్లో పనిచేశారు అని. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు, వలస కూలీలకు, లారీ డ్రైవర్లకు కూడా అదే లైను పనికొస్తుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు ఆ లైను నిండిందో లేదో హౌస్ సర్జన్ చూసి సంతకం పెట్టాలి.