రేడియేటర్‌కి రంగు వేసే ముందు ఆ తుప్పు ఎటు నుంచి వస్తోందో చూడండి

నమస్తే అండి. ఇదిగో, కెమెరా ఈ మూలకి దగ్గరగా తెస్తున్నా, చూడండి. ఇది లోపల వేడి నీళ్లు తిరుగుతూ ఇంటిని వెచ్చగా ఉంచే రేడియేటర్, గోడకి బిగించి ఉండేది. కారులోది కాదు. కింది అంచు వెంబడి పెయింట్ పగిలింది, రెండు మూడు చోట్ల పొక్కులు లేచాయి. ఒక పొక్కు కింద ఇటుక రంగు చార జారింది.

ఇలా కనిపించగానే చాలామంది చేసేది ఒకటే, డబ్బా మూత తీసి పైన ఓ కోటు లాగించేయడం. నేనూ చేశాను. కొన్నాళ్లు తళతళలాడింది. తర్వాత అదే చోట అదే పొక్కు, ఈసారి ఇంకా పెద్దది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది పెయింట్ సంగతి కాదు. ఈ తుప్పు బయట నుంచి లోపలికి పోతోందా, లోపల నుంచి బయటికి వస్తోందా?

బయట నుంచి అయితే టెన్షన్ అక్కర్లేదు. బాత్రూమ్ ఆవిరి, పైన ఆరేసిన తడి తువ్వాళ్లు, ఎప్పుడో కుర్చీ తగిలి లేచిన పెచ్చు, ఇలాంటివే కారణం. ఇనుము కన్నా తుప్పుకి చోటు ఎక్కువ కావాలి. అది ఉబ్బుతూ చుట్టూ బాగున్న పెయింట్‌ని కూడా పైకి లేపేస్తుంది.

లోపల నుంచి అయితే మాత్రం ఏ పెయింటూ కాపాడదు. స్టీలు ప్యానెల్ రేడియేటర్లలో రేకు మందం 1 మిల్లీమీటరు పైన కొంచెం, అంతే. లోపలి నీళ్లలోకి గాలి చేరుతూ ఉంటే తుప్పు ఆ రేకుని తినుకుంటూ వచ్చి సూదిమొనంత బెజ్జం చేస్తుంది.

ఎలా తెలుస్తుంది? రేడియేటర్‌ని తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పొడి టిష్యూ పేపర్‌ని వాల్వ్ నట్టు చుట్టూ, కింది అతుకు మీద, పొక్కు మీద అద్ది కాసేపు ఉంచండి. తీసి చూస్తే గోధుమ రంగులోనో నల్లగానో తడి మరక ఉందంటే లీకే. నట్టు దగ్గరైతే బిగించడంతో పోవచ్చు, రేకులోనే అయితే రేడియేటర్ మార్చడమే. పొక్కుని స్క్రూడ్రైవర్‌తో మాత్రం పొడవకండి. బెజ్జం ఉంటే ఆ నీళ్లన్నీ గదిలోకే.

టిష్యూ పొడిగా వచ్చిందా? అయితే పని మొదలుపెడదాం. హీటింగ్ ఆపేసి చల్లారనివ్వండి. వేడి రేకు మీద పెయింట్ పైపైనే ఆరిపోయి తర్వాత పగులుతుంది.

ఒక్క జాగ్రత్త. ఇల్లు బాగా పాతదైతే కింది పొరల్లో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ల పెయింట్‌లో దాన్ని 1978లో నిషేధించారు, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యం. అనుమానం ఉంటే టెస్ట్ చేయించుకునే దాకా గీకొద్దు. పొడిగా రుద్దితే లేచే ఆ దుమ్ము పిల్లలకి విషం.

ఊడేదంతా గీకేశాక, తుప్పు మీద 80 నంబరు ఎమ్రీ పేపర్ పట్టి మెరిసే ఇనుము కనిపించే దాకా రుద్దాలి. తర్వాత 180 లేదా 240తో పాత పెయింట్ అంచుని నున్నగా చేయాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. కళ్లు మూసుకుని ఆ అంచు మీదుగా వేలు పోనివ్వండి. మెట్టు తగిలిందా, ఇంకా రుద్దాలి. కంటికి కనపడని ఆ మెట్టు కొత్త పెయింట్ కింద గీతలా తేలుతుంది.

గుంటల్లో మిగిలిన తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పూయొచ్చు. చాలావాటిలో ఉండే టానిక్ ఆమ్లం తుప్పుతో కలిసి నల్లటి పొరలా గట్టిపడుతుంది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, మెటల్ ప్రైమర్, అంటే పెయింట్ కింద వేసే తొలి కోటు. బయటపడ్డ ఇనుము మీద గోడల పెయింట్ నేరుగా వేస్తే, అందులోని నీళ్లకే ఆరేలోపు తుప్పు మరకలు వచ్చేస్తాయి.

పైన రేడియేటర్ ఎనామిల్. ఇంట్లో రేడియేటర్ మామూలుగా 80 డిగ్రీలు దాటదు, 600 డిగ్రీలు తట్టుకునే సైలెన్సర్ పెయింట్ దండగ. రెండు పలచటి కోట్లు చాలు. మందంగా వేస్తే వేడికి రేకు సాగినప్పుడు పెయింట్ దాంతో పాటు సాగలేక పగులుతుంది. తెలుపైనా నలుపైనా వేడిలో తేడా ఉండదు, కానీ వెండి రంగు అల్యూమినియం పెయింట్ వేస్తే వెచ్చదనం కొంచెం తగ్గుతుంది. చూడ్డానికి బాగుంటుందని దాన్ని ఎంచుకునేవాళ్లని నేనైతే ఆపుతాను.

వాల్వులకీ, పైన గాలి వదిలే చిన్న స్క్రూకీ టేపు వేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను. చలికాలం రేడియేటర్ సగం చల్లగా ఉండిపోయింది, గాలి తీద్దామంటే ఆ స్క్రూ పెయింట్‌లో అతుక్కుపోయి కదల్లేదు. అరగంట బ్లేడుతో గీకాక తిరిగింది. బుస్సుమని గాలి, వెనకే నల్లటి నీళ్లు, రెండూ నా కొత్త తెల్ల పెయింట్ మీద.