అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయిన కంప్యూటర్: ఫార్మాట్ చేయించే ముందు

[తెర మీద: నల్లటి తెర, మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న చుక్కలు.]

నమస్కారం. హైదరాబాద్ చిక్కడపల్లిలో మా బాబాయి గారికి ఒక డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు అక్కడ కంపోజ్ చేస్తారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ఆయన ఒక మధ్యాహ్నం విండోస్ 11కు అప్‌గ్రేడ్ మొదలుపెట్టారు. పని సగంలో ఉండగా కరెంటు పోయింది, బ్యాటరీ పాతబడిన యూపీఎస్ ఐదు నిమిషాలైనా నిలవలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా మీరు ఇప్పుడు చూస్తున్న చుక్కల దగ్గరే ఆగిపోయింది. చూడడానికి వచ్చిన మెకానిక్ "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో అయిపోతుంది" అన్నాడు. బాబాయి గారు నాకు ఫోన్ చేసి, "ఎల్లుండి ముహూర్తం వాళ్ల కార్డు అందులోనే ఉందిరా, వాళ్లకేం చెప్పను?" అన్నారు.

ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దని ముందు ఆయనకు చెప్పాను. అప్‌గ్రేడ్ విఫలం కావడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. అప్‌గ్రేడ్ ఆగిపోయిన డిస్కులో మన ఫైళ్లు దాదాపు ఎప్పుడూ అలాగే ఉంటాయి. వాటిని నిజంగా తుడిచివేసేది, ఆ తర్వాత తొందరపడి చేయించే ఫార్మాట్.

[తెర మీద: సెటప్ నాలుగు దశల బొమ్మ.]

ఎందుకు ఉంటాయో తెలియాలంటే విండోస్ సెటప్ ఎలా నడుస్తుందో కొంచెం చూడాలి. మొదటి దశలో పాత విండోస్ నడుస్తుండగానే కొత్తదానికి కావలసిన ఫైళ్లు దిగుతాయి. రెండవ దశలో కంప్యూటర్ రీస్టార్ట్ అయి, ఒక చిన్న తాత్కాలిక వ్యవస్థలోకి వెళ్లి, పాత విండోస్‌ను చెరపకుండా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరిపి, కొత్తదాన్ని దాని స్థానంలో పెడుతుంది. మూడవ దశలో కొత్త విండోస్ మొదటిసారి లేచి, పరికరాలను నడిపే డ్రైవర్లు అనే చిన్న ప్రోగ్రాములను అమర్చుకుంటుంది, నాలుగవ దశలో మన ఖాతాలు, అమరికలు కుదురుకుంటాయి. ఏ దశలో తప్పు జరిగినా వెనక్కి మళ్లే దారి ఉండాలన్న ఉద్దేశంతోనే పాతదాన్ని పక్కన ఉంచుతారు. మా బాబాయి గారి కంప్యూటర్ రెండవ దశ దాటి, మూడవ దశ మధ్యలో ఆగింది.

అందువలన మొదట చేయవలసిన పని వేచి ఉండడం. డిస్కు లైటు మిణుకుమిణుకుమంటూ ఉన్నంతసేపు, లేదా "అన్‌డూయింగ్ ఛేంజెస్" అన్న మాట తెర మీద ఉన్నంతసేపు, రెండు మూడు గంటలైనా పవర్ బటన్ ముట్టుకోకండి. ఆ సమయంలో సెటప్ తానే వెనక్కి మళ్లుతూ ఉండవచ్చు. అయితే డిస్కు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపివేయండి, ఎందుకంటే అది డిస్కే పాడవుతోందనడానికి గుర్తు.

[తెర మీద: నీలి తెర, ట్రబుల్‌షూట్ అన్న ఎంపిక.]

గంటలు గడిచినా కదలిక లేకపోతే, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసి, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కిపట్టి ఆపండి. వరుసగా రెండుసార్లు అలా ఆగితే, మూడోసారి విండోస్ రికవరీ తెర దానంతటదే వస్తుంది. ఇక్కడ బిట్‌లాకర్ కీ, అంటే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి ఇతరులు చదవకుండా విండోస్ వేసిన తాళాన్ని తెరిచే సంఖ్య, అడిగితే కంగారు పడవద్దు. అది 48 అంకెల సంఖ్య, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే కంప్యూటర్లలో అది సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది కనుక, ఫోన్ నుంచి ఆ ఖాతా తెరిచి, తెర మీద ఉన్న కీ ఐడీతో సరిపోలిన సంఖ్యను చూసి టైప్ చేయండి. కీ దొరకకుండా ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కును ఎవరూ చదవలేరు. ఈ వీడియో చూస్తున్నవారిలో కంప్యూటర్ బాగా పనిచేస్తున్నవారు ఇప్పుడే ఆ సంఖ్యను కాగితం మీద రాసుకొని బీరువాలో పెట్టుకోవాలని నా కోరిక.

ఇక ఫైళ్ల సంగతి. మరమ్మతు కంటే ముందు నకలు. పెన్‌డ్రైవ్ పెట్టి, ట్రబుల్‌షూట్ లోపలి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్లటి పెట్టె) తెరిచి, నోట్‌ప్యాడ్ అని టైప్ చేయండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద అన్ని రకాల ఫైళ్లు కనిపించేలా మార్చుకుంటే, ఆ చిన్న పెట్టెలోనే డిస్కు మొత్తం తెరుచుకుంటుంది. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు కనుక, మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ అని కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపే పట్టీ రాదు, పెట్టె బిగుసుకుపోయినట్లు ఉంటుంది, అయినా కదిలించకుండా ఆగాలి. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పత్రాలు కనిపించకపోతే విండోస్.ఓల్డ్ లోపల ఉన్న యూజర్స్‌లో చూడండి. మా బాబాయి గారి శుభలేఖలు అక్కడే దొరికాయి.

ఈ దారి కుదరకపోతే మరో కంప్యూటర్‌లో, విండోస్ లాంటిదే అయిన ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసుకొని, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే కంప్యూటర్ నడిపి ఫైళ్లు తీసుకోవచ్చు. లేదా డిస్కును విప్పి, దాని సాటా అనే కనెక్టర్ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించవచ్చు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో మనమంతా సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అలాంటి కేబుళ్లు దొరుకుతాయి.

[తెర మీద: ఒక శుభలేఖ ఫైలు, అక్షరాల చోట అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు.]

తెలుగులో పనిచేసేవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం, దీన్ని చెప్పడం కోసమే నేను ఈ వీడియో చేశానన్నా తప్పులేదు. మన డీటీపీ సెంటర్లలో పేజీలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఎక్కువగా అను ఫాంట్ల వంటి పాత పద్ధతి ఫాంట్లతో తయారైనవి. యూనికోడ్‌కు, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే పద్ధతికి, ముందటి ఆ ఫాంట్లలో తెలుగు అక్షర రూపాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫైలును మాత్రమే కాపాడి ఫాంటును వదిలేస్తే, తెరిచినప్పుడు వధువు పేరు కూడా చదవలేని గుర్తులుగా కనిపిస్తుంది. అందుకే పత్రాలతో పాటు విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను, అవసరమైతే విండోస్.ఓల్డ్ లోపలి ఫాంట్స్‌ను, తప్పక నకలు తీసుకోండి. సాఫ్ట్‌వేర్ల సీడీలు, లైసెన్సు నంబర్లు కూడా వెతికి పెట్టుకోండి, ఎందుకంటే ఫైళ్లు ఉంచి రీసెట్ చేసే పద్ధతి కూడా ప్రోగ్రాములను తీసివేస్తుంది.

నకలు చేతికి వచ్చాక మరమ్మతు సులువు. అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉన్న స్టార్టప్ రిపేర్ ఒకసారి నడపండి. ఫలించకపోతే పాత వెర్షన్‌కు వెళ్లే ఎంపిక ఉందేమో చూడండి. మా బాబాయి గారి కంప్యూటర్ అలాగే విండోస్ 10కు తిరిగి వచ్చింది. అదీ లేకపోతే ఫైళ్లు ఉంచి రీసెట్ చేయడం, చివరికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం మిగులుతాయి.

మళ్లీ అప్‌గ్రేడ్ చేసే ముందు కారణం కనుక్కోండి. కరెంటు పోకుండానే ఆగిపోయినట్లయితే, ఎర్రర్ కోడ్‌లో సీ తర్వాత 1900101 అని ఉంటే అనుమానం ఎక్కువగా డ్రైవర్ల మీదికే పోవాలి. దాని పక్కన 20017 వంటి రెండవ సంఖ్యలో మొదటి అంకె, ఏ దశలో ఆగిందో చెబుతుంది. 2 అయితే తాత్కాలిక వ్యవస్థలో, 3 అయితే కొత్త విండోస్ మొదటిసారి లేచినప్పుడు. ప్రింటర్లు, అదనపు యూఎస్‌బీ పరికరాలు తీసివేసి, వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే తొలగించి, సీ డ్రైవ్‌లో తగినంత ఖాళీ చేసి, యూపీఎస్ బ్యాటరీ మార్చిన తర్వాతే మొదలుపెట్టండి.

[తెర మీద: అదే శుభలేఖ, ఈసారి తెలుగు అక్షరాలతో.]

అప్‌గ్రేడ్ పూర్తయిన 10 రోజులకు విండోస్.ఓల్డ్ దానంతటదే తొలగిపోతుంది. కనుక మొదటి రోజే మీ పాత ఫైళ్లలో నాలుగైదు తెరిచి, ఒత్తులు, గుణింతాలు సరిగా వస్తున్నాయో లేదో చూసి, ఒక పేజీ ప్రింటు తీసి చూసుకోండి.